ప్రోటోకాల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్రోటోకాల్ గారికి,

సంబోధనలో లోపముంటే మన్నించాలి. లోపముంటే మీరేం చేస్తారో జిల్లా పేజీలు చదివేవాళ్లందరికీ తెలుసు.

బడిలో ఒక్క అదనపు గది కడితే చాలు, మీరు దిగిపోతారు. శిలాఫలకం మీద ఎమ్మెల్సీ పేరు ఎన్నో వరుసలో ఉంది? రాత్రి వాట్సాప్‌లో పంపింది పిలుపేనా? రిబ్బన్ కత్తిరించకముందే బైఠాయింపు, మర్నాడు 'ప్రోటోకాల్ రగడ' అని వార్త. తిట్లు తినేది ఎంపీడీవో. గది ఎలా కట్టారన్న సంగతి ఎవరూ ఎత్తరు.

మీ పేరు పెట్టుకున్నవాళ్లు వేరేచోట్ల ఎంత గొప్ప పనులు చేస్తున్నారండీ! 1925లో జెనీవావారు యుద్ధంలో విషవాయువులు వాడొద్దన్నారు. 1987లో మాంట్రియల్‌వారు ఓజోన్ పొరను తినేస్తున్న రసాయనాలకు కళ్లెం వేస్తే, ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలన్నీ ఒప్పుకున్నాయి. క్యాన్సర్ వార్డులో ఏ మందు ఏ రోజు ఎంత ఎక్కించాలో చెప్పే కాగితానికీ మీ పేరే. అది రోగి హోదా అడగదు, బరువు అడుగుతుంది.

ఇంటర్నెట్ సంగతి చూడండి. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ రాసిన పద్ధతి ప్రకారం, మనం పంపింది ముక్కలై, ఒక్కో దారిన పోయి, అవతల మళ్లీ ఒకటవుతుంది. దారిలో తప్పిపోయిన ముక్కను మళ్లీ పంపిస్తారు. అక్కడా వరుస నంబర్లున్నాయి. అయితే అవి ఎవరిని ముందు కూర్చోబెట్టాలో తేల్చడానికి కాదు, ఆలస్యంగా వచ్చినదానికీ దాని చోటు దానికి దక్కడానికి.

మీ బలమంతా 1979 జూలై 26 నాటి ప్రాధాన్య క్రమ పట్టిక అంటారు. సొంత రాష్ట్రంలో గవర్నరుది 4, ముఖ్యమంత్రిది 7, ఎంపీది 21. అడుగున ఉన్న గమనిక కూడా చదివారా? ఈ వరుస ప్రభుత్వ లాంఛనాలకే తప్ప రోజువారీ పాలనకు వర్తించదట. కుట్టుమిషన్ల పంపిణీ ఏ కోవలోకి వస్తుందో మీరే సెలవివ్వాలి.

రాష్ట్రాలకు వేరే జీవోలున్నాయంటారేమో. ఉన్నాయి. జనం ఎన్నుకున్న మనిషిని, ప్రతిపక్షమైనా సరే, పిలవాల్సిందే. అందులో నాకు పేచీ లేదు. కానీ పంచాయతీ ఆఫీసులో భర్తలూ పెద్దమనుషులూ కుర్చీలెక్కి, గెలిచిన దళిత మహిళా సర్పంచ్ గోడవారగా నిలబడినప్పుడు మాత్రం మీ అలికిడే ఉండదు. ఒక్కసారి అక్కడికి వెళ్లి రగడ చేయండి.

ఇట్లు,
ఆ పట్టికలోని 26 మెట్లలో ఎక్కడా లేని ఒక పౌరుడు