తలుపుకి సిలికాన్ అభిషేకం

రావికమతం నుంచి నర్సీపట్నం దాకా బీఎన్ రోడ్డు పొడవునా ఎవరినైనా అడగండి, వాన నీరు కారు తలుపు దగ్గర ఎందుకు కారుతోందని. జవాబు ఒక్కటే: "ఏటీ నేదు బాబూ, రబ్బరు పోనాది." చెప్పేవారు కారు చూడనక్కర్లేదు. ఫోనులో అడిగినా రబ్బరే. కార్పెట్టు తడిసినా రబ్బరే, డిక్కీలో నీళ్లు నిలిచినా రబ్బరే. మే నెలలో, చినుకన్నది పడని రోజుల్లో, ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు పూడిపోయి ముందు సీటులో అత్తగారి కాళ్లు తడిసినా అదీ రబ్బరు ఖాతాలోకే. ఇంత ధీమా జ్యోతిష్కులకి కూడా ఉండదు. వాళ్లు కనీసం పుట్టిన తేదీ అడుగుతారు.

జబ్బు ఒకటే కాబట్టి మందూ ఒకటే. బాత్రూములో సింకు చుట్టూ పెట్టే సిలికాన్ గొట్టం తెస్తారు. తలుపు చుట్టూ ప్రదక్షిణంగా పిండి, చూపుడు వేలితో పులిమి, ఆ వేలు ప్యాంటుకి తుడుచుకుంటారు. అంతటితో అభిషేకం పూర్తి. కారంతా పుల్లటి వాసన వేస్తే "ఒరిజినల్ సరుకు కదా, ఆ మాత్రం వాసనుంటాది" అని భరోసా ఇస్తారు. ఆ వాసన అసిటిక్ ఆమ్లానిది. ఆ రకం సిలికాన్ గట్టిపడేటప్పుడు వదిలే ఆమ్లం, పెయింటు లేచిన రేకుకి తగిలితే తుప్పు పట్టిస్తుంది. నీరు ఏళ్ల తరబడి చేసే పనిని మనం డబ్బిచ్చి తొందరగా చేయించుకుంటున్నాం.

గొట్టం ఖర్చు కూడా దండగనుకునే పొదుపరులకి గ్రీజు వైద్యం ఉంది. తలుపు రబ్బరు సాధారణంగా ఈపీడీఎం అనే జాతిది. ఎండకీ గాలికీ ఏళ్ల తరబడి ఓర్చుకుంటుందనే దాన్ని అక్కడ పెడతారు. దానికి గిట్టనిదల్లా పెట్రోలియం నూనె. తగిలితే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆకారం చెడుతుంది. బేరింగు గ్రీజు దట్టంగా పట్టించిన కొన్నాళ్లకి రబ్బరు నిజంగానే పోతుంది. "నాను ముందే సెప్పినాను కదా" అనడానికి మేస్త్రీ సిద్ధంగా ఉంటాడు.

ఇక అసలు సంగతి. కారు తలుపు లోపలికి నీరు రాకుండా చేసింది కాదు. వచ్చిన నీరు పోయేలా చేసింది. అద్దం పైకీ కిందికీ ఆడాలంటే తలుపు నడుము దగ్గర సందు ఉండి తీరాలి. అక్కడి బీడింగు చాలా నీటిని తుడిచేస్తుంది గానీ, గట్టివాన పడితే కొంత నీరు అద్దం వెంట జారి తలుపు కడుపులోకి దిగుతుంది. దిగనివ్వండి, ఏం ఫరవాలేదు. బయటి రేకు లోపలి వైపు నుంచి కిందికి జారి, తలుపు అడుగు అంచున ఉన్న సన్నటి కన్నాల్లోంచి రోడ్డు మీద పడుతుంది. తలుపు లోపలి రేకుకీ పెద్ద పెద్ద కంతలుంటాయి. నీరు వాటి గుండా మన మీదికి రాకుండా, డోర్ ప్యాడ్ వెనక ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు ఉంటుంది. దాన్ని నల్లటి జిగురుతో అతికించి, కింది అంచు నీటిని మళ్లీ తలుపు కడుపులోకే మళ్లించేలా అమరుస్తారు. ఇదంతా రబ్బరుకి ఇవతల, మన వైపు జరిగే వ్యవహారం. కాబట్టి ఆ షీటు చిరిగితే బయట బకెట్టు సిలికాన్ పులిమినా చుక్క ఆగదు.

షీటు తనంతట తాను చిరిగే రకం కాదు. కొత్త కారు కొన్న వారంలోనే మనకి స్పీకర్లు కావాలి. కొత్తకోటలో పాట పెడితే మేడివాడలో వినపడాలి. డోర్ ప్యాడ్ ఊడదీసి, షీటుని బ్లేడుతో పరపరా కోసి, స్పీకరు బిగించి, కోసిన ముక్కని అలాగే వదిలేసి ప్యాడ్ కొట్టేస్తారు. పవర్ విండో మోటారు మార్చినప్పుడూ ఇదే వరస. ఊడిన షీటుని మళ్లీ జిగురు పెట్టి అతికించడం పనిమంతుడి లక్షణం. అలాంటివాళ్లు లేకపోలేదు, కానీ వాళ్ల దగ్గర వరసలో కూర్చునే ఓపిక మనకే లేదు. ఆషాఢంలో కార్పెట్టు తడుస్తుంది. రబ్బరు పోనాది!

దీనికి మించిన తమాషా తుప్పు పట్టకుండా కారు అడుగున కొట్టించే నల్లటి కోటింగు. కొట్టేవాడు ఉత్సాహవంతుడైతే తలుపు అడుగు కన్నాలకి కూడా దట్టంగా కొడతాడు. అతను వదిలేసిన కన్నాలని చెరకు తోటల దారిలో లేచే దుమ్మూ, వాన బురదా పూడ్చేస్తాయి. ఇక తలుపు కడుపులో నీరు నిలుస్తుంది, బ్రేకు వేస్తే బుడబుడమంటుంది, రేకు లోపలి నుంచి పుచ్చుతుంది. కళ్యాణపులోవ రిజర్వాయరు కింద సేద్యం చేసే రైతుని అడగండి, చెరువుకి మదుము లేకపోతే ఏమవుతుందో. గట్టు తెగుతుందని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెబుతాడు. ఆ రైతే తన కారు తలుపుకి అడుగున కన్నాలు కనిపిస్తే, "కంపెనీవోళ్లు మూయడం మరిసిపోనారు" అని పుట్టీ పెట్టించుకుంటాడు.

సన్‌రూఫ్ గురించి ఒక్క ముక్క. మన ఎండల్లో దాని ఉపయోగం ఊరేగింపులో పిల్లలు తల బయట పెట్టడం వరకే అయినా, దాని చుట్టూ ఒక కాలువా, స్తంభాల్లోంచి కిందికి దిగే గొట్టాలూ ఉంటాయి. చింతచెట్టు కింద పెట్టిన బండికి ఆ కాలువ నిండా ఆకే. దానికీ సిలికానే కొడతారు.

నీరు లోపలికొచ్చాక మన ప్రతిభ అసలైన రూపంలో కనిపిస్తుంది. తడిసిన కార్పెట్టు ఎత్తి ఆరబెట్టం. దాని మీద 7డీ మ్యాట్లు పరుస్తాం. అడుగున స్పాంజి నెలల తరబడి నానుతుంది, వైర్ల జాయింట్లకి పచ్చటి చిలుము పడుతుంది, ముక్క వాసన మొదలవుతుంది. వాసనకి కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు, మల్లెపూల సెంటు. అదీ లొంగకపోతే అమ్మకానికి పెడతాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పటి నుంచి పాత కార్లు కొనేవాళ్లు కార్పెట్టు ఎత్తి వాసన చూడటం నేర్చుకున్నారు. పాపం, ఆ వరద ముఖమే ఎరగని కార్లు కూడా మన చలవ వల్ల అదే వాసనతో బేరానికొస్తున్నాయి.

రబ్బరు అసలు పోదా అంటే, పోతుంది. ఎండకి గట్టిపడుతుంది, మూల దగ్గర చిరుగుతుంది. గోతుల రోడ్డు మీద కుదుపులకీ, తాతగారు దిగేటప్పుడు తలుపు పట్టుకుని వేలాడినందుకూ కీళ్లు వదులై తలుపే జారితే, కొత్త రబ్బరు కూడా సరిగ్గా నొక్కుకోదు. తెలుసుకోవడానికి కాగితం ముక్క చాలు. దాన్ని సందులో పెట్టి తలుపు వేసి లాగాలి. బిగుతుగా వస్తే అక్కడ రబ్బరు బాగున్నట్టే, జారిపోతే తప్పు అక్కడుంది. తర్వాత ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, ఇంకొకరు పైపుతో అడుగు నుంచి మొదలుపెట్టి పైకి మెల్లగా నీరు పట్టాలి. ముందే పైన పడితే నీరు అంతటా జారి ఆచూకీ దొరకదు. పూడిన కన్నాలకి చీపురు పుల్ల సరిపోతుంది.

చిక్కల్లా ఇక్కడే. చీపురు పుల్లతో పొడిచినందుకు మేస్త్రీ ఎంత అడగాలి? అతనికి అడగడానికి మొహమాటం, మనకి ఇవ్వడానికి అనుమానం. అరగంట పైపు పట్టుకుని కూర్చున్నవాణ్ని చూసి "ఖాళీగా ఉన్నట్టున్నాడు" అనుకుంటాం. అదే సిలికాన్ అయితే తెల్లగా, లావుగా, తలుపు పొడవునా పని కనబడుతుంది. బిల్లులో దానికో వరస ఉంటుంది. డబ్బులిచ్చి, పైన టీ కూడా ఇప్పించి వస్తాం.