వినికిడి

ఆ బడి పేరు రాయను. శ్రీకాకుళంలో బస్సెక్కితే పొలాలు అయిపోయి కొండలు మొదలయ్యే చోట దిగాలి. ఇంగ్లీషు మీడియం. ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవానికి నన్ను రమ్మన్నారు. ముందు పిల్లలు పెట్టిన ప్రదర్శన చూసి బహుమతులు ఎవరికో తేల్చాలి. ఆ తర్వాత గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి అరగంట మాట్లాడాలి. ప్రదర్శనకు వాళ్ళు పెట్టుకున్న విషయం ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ వింతలు. పంతులుగారు కష్టపడిన కాలమూ అదే కదా అని సంతోషంగా ఒప్పుకున్నాను.

గేటు దాటగానే వరండా గోడ మీద పెద్ద బోర్డు. బడిలో ఇంగ్లీషు తప్ప ఇంకేదీ మాట్లాడకూడదని, మాట్లాడితే అయిదు రూపాయల జరిమానా అని ఇంగ్లీషులో రాసి ఉంది. దాని కింద ఆ పొద్దున్నే అంటించిన తెల్లకాగితం, జిగురు ఇంకా ఆరలేదు. "ఈ ఒక్కరోజు తెలుగులో మాట్లాడవచ్చు" అని గుండ్రటి అక్షరాలతో రాశారు. ఆ కాగితం చూసి నాకు నిజంగానే సంతోషం వేసింది. ఒక్కరోజైతే ఏం, అనుకున్నాను.

హాలంతా అట్టలు, థర్మోకోల్, రంగుకాగితాలు. రైటు సోదరుల విమానం కట్టినవాడు నన్ను ఆపి ఒక్క గుక్కలో చెప్పేశాడు: 1903 డిసెంబరు 17, మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు, పోయింది 120 అడుగులు. పక్కబల్ల మీద మార్కోనీ. 1901లో అట్లాంటిక్ సముద్రం మీదుగా తీగ లేకుండా మూడు చుక్కల చప్పుడు పంపడం. ఆ పక్కన 1908 నాటి ఫోర్డు కారు. దాని తర్వాత రెండు బొమ్మకార్లకు పురికొస కట్టి, మధ్యలో చేతులు చాచిన మట్టిబొమ్మను నిలబెట్టాడు ఒక కుర్రాడు. అడగక్కర్లేకుండానే తెలిసింది, కోడి రామమూర్తి నాయుడు. మోటారు కార్లను చూసి జనం బెదిరి దారి వదిలే రోజుల్లో, వాటిని చేతులకు కట్టించుకుని కదలకుండా ఆపిన వస్తాదు. "మాదీ వీరఘట్టమే సార్" అన్నాడు ఆ కుర్రాడు, కార్లను తనే ఆపినంత గర్వంగా. వాడికి మనసులోనే ఒక బహుమతి ఇచ్చేశాను.

చివరి బల్ల దగ్గర ఎనిమిదో తరగతి అమ్మాయి. గ్రామఫోను చేసింది. అట్టపెట్టె, దాని మీద పాత సీడీ, దినపత్రికను చుట్టి నల్లరంగు పూసిన గొట్టం. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడి రికార్డు ఇచ్చిందనీ, పాట అవగానే "నా పేరు గౌహర్ జాన్" అని ఇంగ్లీషులో చెప్పేదనీ, పాడిందెవరో తయారుచేసేవాళ్ళకు తెలియడానికి అలా చెప్పించేవారనీ చార్టు మీద రాసుకుంది. అక్షరాలు చిన్నవి, తప్పుల్లేవు.

"ఇన్ని వింతలుండగా ఇదే ఎందుకు చేశావమ్మా?" అని అడిగాను.

తల వంచుకుని, "మనిషి పోయినా గొంతు ఉంటాది కదా సార్" అంది.

పక్కనున్న టీచరమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "కొండమీద పిల్లండి, సవరలు. బాగా చదువుతాది. మాట మాత్రం బయటికి రాదు."

మొదటి బహుమతి అక్కడే తేలిపోయింది.

సభలో నన్ను ముందువరస కుర్చీలోంచి లేపి మైకు ఇచ్చారు. రాసుకెళ్ళిన కాగితం జేబులోనే ఉంచేశాను. మీరు కట్టిన వింతలన్నీ జరుగుతున్నప్పుడే మన పక్కన ఇంకో వింత జరిగింది, దానికి ఎవరూ చార్టు కట్టలేదు, అది నేను చెబుతాను అన్నాను.

నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు ఉండేది. అక్కడి రాజావారు వేయించినది, 1900లో నడక మొదలుపెట్టింది. రెండున్నర అడుగుల పట్టాల మీద టెక్కలి, పాతపట్నం దాటుకుంటూ పోయేది. చిన్నప్పుడు నేనూ ఎక్కాను. ఆ పర్లాకిమిడిలో రాజావారి బడిలో ఒక పంతులుగారు చరిత్ర పాఠం చెప్పేవారు. పుట్టింది ఇక్కడే, వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గర పర్వతాలపేట. 1863లో, ఇదే రోజున. చదివింది విజయనగరంలో, గురజాడ అప్పారావుగారితో కలిసి.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల మీద సవరలుంటారు. సంతకు దిగుతారు, కోర్టుకు వస్తారు, వాళ్ళ మాట ఎవరికీ అర్థంకాదు. ఆ మాట నేర్చుకోవాలనుకున్నారు పంతులుగారు. నేర్చుకుందామంటే పుస్తకం లేదు, సవరకు లిపే లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నారు. పదం అడగడం, వినడం, పలకడం, తప్పయితే మళ్ళీ వినడం. సవరలో కొన్ని శబ్దాలు పైకి రావు, గొంతులోనే టక్కున ఆగిపోతాయి. ఆ ఆగడంలోనే అర్థం మారిపోతుంది. మనలాంటివాళ్ళ చెవికి అది అందదు. అలాంటి శబ్దాన్ని చెవితో పట్టి కాగితం మీద పెట్టడమంటే ఎంత కష్టమో ఆలోచించండి అన్నాను. గ్రామఫోను కంపెనీవాళ్ళు యంత్రంతో చేసిన పని ఆయన రెండు చెవులతో చేశారు. విమానం 12 సెకన్లు ఎగిరింది. సవర వ్యాకరణం అచ్చయ్యేసరికి 1931 వచ్చింది, నిఘంటువుకు 1938. మొదలుపెట్టినది అంతకు ముందు శతాబ్దంలో.

నేర్చుకుని ఊరుకోలేదు. సవరలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్ళు పెట్టి, అయ్యవార్లకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చుకుని డబ్బు ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో వాళ్ళ భాషలోనే చదువు చెప్పే బడి పెట్టండి అన్నారు. మన తెలుగు సంగతికి వచ్చింది ఆ తర్వాతే. 1907 ప్రాంతంలో యేట్సు అనే దొర, బళ్ళ తనిఖీ అధికారి, మీ పుస్తకాల్లో తెలుగు వేరు, మీ నోట్లో తెలుగు వేరు, ఎందుకని అడిగాడు. కొండ మీది పిల్లల కోసం అప్పటికే ఆ ప్రశ్న వేసుకున్న మనిషికి, తెలుగు పిల్లల కోసం ఏం చెయ్యాలో ఒకరు చెప్పాలా? వాడుకభాష కోసం ఊరూరా తిరిగారు, పండితులతో తలపడ్డారు. 1940 జనవరిలో కన్నుమూసేదాకా ఆ పని విడిచిపెట్టలేదు.

ఇంతవరకూ చెప్పి ఒక్కక్షణం ఆగాను. తర్వాతి సంగతి చెప్పేటప్పుడు నా గొంతు ఎప్పుడూ సరిగ్గా ఉండదు.

సికింద్రాబాదులో 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. మీ చార్టుల్లో ఉండాల్సిన గొప్ప సంగతే అది. కానీ జ్వరం తగిలినవాడికి మందు మాత్రం పాతదే, క్వినైను. ఎక్కువ వాడితే చెవుల్లో హోరు పుడుతుంది, వినికిడి పోతుంది. సవరల కోసం కొండలెక్కిన పంతులుగారికి మన్యం జ్వరం పట్టుకుంది. క్వినైను మింగారు. ప్రాణం నిలిచింది, చెవుడు మిగిలింది. బతికినన్నాళ్ళూ అంతే. నోటి మాటకు గౌరవం తెచ్చిన మనిషికి ఎదుటివాడి నోటి మాట సరిగా వినబడేది కాదు.

హాలు నిశ్శబ్దంగా ఉంది. వెనక వరసల్లో గుసగుసలాడుతున్న పిల్లలు కూడా ఆగిపోయారు. ఇంతలో గ్రామఫోను పిల్ల చెయ్యెత్తింది. టీచరమ్మ ఆశ్చర్యంగా చూసింది.

"వినబడకపోతే మరి మా మాట ఎలాగ రాసీవారు సార్?"

మా మాట అంది. నా కళ్ళు చెమర్చాయి. చెవి వినకపోతే ఎదుటివాడి నోరు చూస్తాం, మళ్ళీ చెప్పమంటాం, విసుక్కోకుండా అడుగుతాం, అలాగే రాసి ఉంటారమ్మా అన్నాను. తర్వాత నాకే తోచింది. ఎన్నో ఏళ్ళుగా ఆగస్టు 29న పంతులుగారి గురించి మాట్లాడుతున్నాను. ఆయన చెవులు ధారపోసిన ఆ భాషను ఒక్కసారీ, ఒక్క సభలోనూ వినలేదు.

మైకు పట్టుకుని ఆ పిల్ల దగ్గరకు నడిచాను. "మొన్న ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు మీ అమ్మతో ఏమన్నావో, అదే, మీ సవరలో చెప్పు తల్లీ. అందరం వింటాం. ఆయన పుట్టినరోజు కదా."

పిల్ల లేచి నిలబడింది. మైకు వైపు చూసింది, టీచరమ్మ వైపు చూసింది, వేదిక మీదున్న కరస్పాండెంటు వైపు చూసింది. ఏమీ అనలేదు. నేను మళ్ళీ అడిగాను. పక్కన కూర్చున్న వీరఘట్టం కుర్రాడు నా చొక్కా కొస పట్టుకుని మెల్లగా లాగాడు.

"ఇవాళ తెలుగు ఒకటే సార్. కాగితంలో సవర లేదు."

వేదిక మీద కుర్చీలు కదిలాయి. కరస్పాండెంటు గబగబా దిగి వచ్చి, "పర్లేదమ్మా, ఫైను ఉండదు, చెప్పు, చెప్పు, సారు అడుగుతున్నారు కదా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

పిల్ల మైకు దగ్గరకు ముఖం తెచ్చింది. పెదవులు కదిలాయి. ఇంకోసారి కదిలాయి. మైకు పనిచేస్తోందో లేదోనని వేలితో తట్టి చూశాను. టక్కుమని హాలంతా మోగింది.

చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, ఆ పిల్ల నోటి దగ్గరకు వంగాను. "మళ్ళీ చెప్పమ్మా" అన్నాను.

ఏమీ వినబడలేదు.