సూదిమందు

కౌకూర్‌లో ఒకాయనకి ఎల్పీ రికార్డుల పిచ్చి పట్టింది. జుమ్మెరాత్ బజారులో టర్న్‌టేబుల్ చవగ్గానే దొరికింది. ఖర్చు ఆ తర్వాతే మొదలైంది. సూది ఉండే మాగ్నెటిక్ కార్ట్రిజ్ ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు. దాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్ లేకపోతే పాట దోమ రొదే! రికార్డుపై సూది మోపే బరువు రెండు గ్రాములుందో లేదో చూడ్డానికి కంసాలి త్రాసు అరువు తెచ్చాడు.

ముహూర్తానికి 1957 నాటి ‘మాయాబజార్’ రికార్డు పెట్టాడు. అది నిమిషానికి 78 చుట్లది. మిషనుకున్నవి 33, 45 మాత్రమే. వేగం తగ్గి, గాయని లీల గొంతులో ఘటోత్కచుడు పలికాడు.

వాళ్లమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. ‘‘మీ నాన్న గ్రామఫోన్ పెట్టెను పాతసామాన్లవాడికిచ్చి స్టీలు బేసిన్ తీసుకున్నాన్రా. బేసిన్ ఇంకా బాగానే ఉంది.’’

ఆయన ఇప్పుడు 78కి వేరే సూది వెతుకుతున్నాడు.