మొహమాటభంజని: ఒక గేటు బోర్డుకు టీకా తాత్పర్యాలు

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన కోలాచలం మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి కలం పట్టాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అంతటి నిగ్రహం లేదు. పైగా ఇక్కడ మూలం కావ్యం కాదు, కార్వాన్‌లో ఒక గేటుకు ఇనుప తీగతో కట్టిన రేకు బోర్డు. ఉన్నవి ఐదే వాక్యాలు. చెప్పినదానికంటే మింగినదే ఎక్కువ.

స్థల నిర్ణయం: గోల్కొండ కోట నుంచి పురానాపూల్‌కు వచ్చే పాత బాట మీదిది కార్వాన్. కుతుబ్‌షాహీల కాలంలో బిడారులు దిగిన చోటు, వజ్రాల సాహుకార్లు కాపురమున్న పేట. మూసీ మీద ఆ వంతెన కట్టింది 1578లో. అంటే ఈ వీధులకు బేరం కొత్త కాదు. బేరం వద్దనే బోర్డే కొత్త.

కర్తృ నిర్ణయం: బోర్డు మీద కర్త పేరు లేదు, ఫోను నంబరు ఉంది. దాన్ని మేము పరిహరిస్తున్నాం. రాసిన చెయ్యి ఒక్కటే అయినా ఇది ఒక్కరి అనుభవం కాదనీ, ముందుగదిలో మగ్గం పెట్టుకున్న అనేకమంది ఇల్లాళ్ళ అనుభవాలను ఒక్క రేకు మీదికి ఎక్కించిన సంకలనమనీ మా అభిప్రాయం.

శాస్త్ర గ్రంథానికి నాలుగు అనుబంధాలు చెప్పాలి. విషయం: చిన్న కళావ్యాపారం మొదలుపెట్టిన మనిషి ఇంటినీ పనినీ సరితూచడం. ప్రయోజనం: రాత్రి నిద్ర. సంబంధం: బోర్డుకూ నిద్రకూ ఉన్నది, ముందుముందు తెలుస్తుంది. అధికారి: "సరే అక్కా, చేసిస్తాలే" అని జీవితంలో ఒక్కసారైనా అని, ఆ రాత్రే పశ్చాత్తాపపడినవారు.

మూలం

1. ఇచ్చట మగ్గం వర్క్ చేయబడును.
2. ఆది జాకెట్టు, సగం అడ్వాన్సు ఇచ్చినాకనే పని మొదలు.
3. అర్జెంటు ఆర్డర్లు తీసుకోబడవు.
4. చుట్టాలకూ రేటు ఒక్కటే.
5. మధ్యాహ్నం 1 నుంచి 3 దాకా, ఆదివారం పూర్తిగా బెల్లు కొట్టరాదు.

ప్రథమ వాక్యం

ప్రతిపదార్థం: ఇచ్చట = వంటింటికి పది అడుగుల దూరంలో; మగ్గం వర్క్ = జాకెట్టు చేతుల మీదా వీపు మీదా జరీ, పూసలు, చమ్కీలతో చేసే పని; చేయబడును = నేనే చేస్తాను.

టీక: ఈ మగ్గం నేతగాళ్ళ మగ్గం కాదు. నాలుగు కర్రల చట్రం. పాతబస్తీ కారీగర్లు కార్చోబ్ అంటారు. ముందుగా ట్రేసింగ్ కాగితం మీద డిజైను గీసి, గీత వెంబడి సూదితో సన్నటి బొక్కలు పొడుస్తారు. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరచి, కిరసనాయిలులో కలిపిన తెల్లపొడిని రుద్దితే బొక్కల గుండా దిగి డిజైను గుడ్డకు అంటుకుంటుంది. అప్పుడు గుడ్డను చట్రానికి బిగించి ఆరీ సూది పడతారు. పై చెయ్యి సూదిని దింపుతుంది, గుడ్డ కింద ఉన్న చెయ్యి దారం అందిస్తుంది. చూసేవాళ్ళకు పై చెయ్యే కనిపిస్తుంది. ఈ కింది చేతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. నాలుగో వాక్యంలో దానితో పని ఉంది.

వ్యాకరణ విశేషం: "చేయబడును" కర్మణి ప్రయోగం. తెలుగుకు అంతగా గిట్టని ప్రయోగమని వైయాకరణులు ఎంత మొత్తుకున్నా బోర్డులు వినవు. ఎవరిచేత చేయబడును? డిజైను గీసేది, బేగంబజారుకు పోయి పూసలు తెచ్చేది, కారీగర్‌కు చాయ్ పెట్టేది, కస్టమరుకు ఫొటో పంపేది, పాత బాకీ గుర్తుచేసేది, పిల్లవాడి హోంవర్కు చూసేది ఒక్కరే. ఇన్ని పనులకు ఒక్క కర్తను చూపిస్తే వాక్యం బరువు మోయలేదని, కర్త తననుతాను లోపింపజేసుకుంది.

తాత్పర్యం: మొదటి ఏడాది దుకాణం అంటే మనిషే.

ద్వితీయ వాక్యం

ప్రతిపదార్థం: ఆది జాకెట్టు = కొలతకు ఇచ్చే పాత జాకెట్టు; సగం = సగమే, వందా రెండొందలూ కాదు; ఇచ్చినాకనే = ఏవకారం చేత, "రేపు పంపిస్తా అక్కా" అన్నది పరాస్తం.

టీక: అడ్వాన్సు ఎందుకు? పూసలు, జరీ అమ్మేవాడు ఖాతా లేని కొత్త మనిషికి అరువివ్వడు గనుక. ఆ డబ్బు ముందుగా తన చేతినుంచి పెట్టి, జాకెట్టు తీసుకుపోయినామె ఫోనెత్తకపోతే, పెట్టుబడి ఎవరి పెళ్ళిలోనో మెరుస్తుంటుంది.

శంక: అడ్వాన్సు ఎందుకు, అప్పు తీసుకోవచ్చు కదా? 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్ర పథకంలో శిశు పేరిట 50,000 రూపాయల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు కదా?

సమాధానం: ఇస్తారు, తీసుకోవచ్చు. 2020 జూలై నుంచి ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషను కూడా చేసుకోవచ్చు, దానికి రుసుము లేదు. కుట్టుకూలి వంటి సేవలకు ఏటా 20 లక్షల టర్నోవరు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషను గొడవా లేదు. అయితే బ్యాంకు అప్పుకు ప్రతినెలా తేదీ ఉంటుంది, ఆర్డర్లకు ఉండదు. అప్పు చట్రాలకూ మిషనుకూ. రోజువారీ పూసలకు అడ్వాన్సే.

విశేషం: అడ్వాన్సు చేతికి రాగానే మన డబ్బు అనిపిస్తుంది. కాదు. జాకెట్టు అప్పగించేదాకా అది బాకీ. ఆ డబ్బుతో గ్యాస్ బండ విడిపించి, ఇంకొకామె అడ్వాన్సుతో మొదటామె పూసలు కొని, మూడో ఆమె కోసం ఎదురుచూసేవారు ఈ శాస్త్రంలో "త్రిశంకువులు" అనబడతారు. ఇంటి పర్సూ పని పర్సూ వేరుగా ఉంచుకోవడమే దీనికి విరుగుడు. సరితూకం గడియారంలో మొదలవుతుందని లోకం అనుకుంటుంది. పర్సులో మొదలవుతుందని ఈ గ్రంథకర్త్రి ఆశయం.

తృతీయ వాక్యం

ప్రతిపదార్థం: అర్జెంటు = ఇతరుల మరుపు మన నెత్తికెక్కడం; ఆర్డర్లు = బతిమాలడాలు; తీసుకోబడవు = తీసుకోకూడదని నాకు నేను చెప్పుకుంటున్నాను.

టీక: ఈ వృత్తికి కాలజ్ఞానం అవసరం. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. మగ్గం ఖాళీ. కానీ ఇల్లు ఖాళీగా ఉండదు. గోల్కొండలో బోనం ఎత్తగానే నగరానికి పండుగ, దర్బార్ మైసమ్మ గుడి దగ్గర బోనాలంటే కార్వాన్ ఇళ్ళనిండా చుట్టాలే. పని లేని నెలలో తీరిక ఉండదు. ఆషాఢం పోయి శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం, ముహూర్తాలు, నిశ్చితార్థాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. రంజాన్ ముందరి వారాలదీ అదే తీరు, ప్రతి ఏడూ పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వస్తాయి. కాబట్టి రోజుకు ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల ఇల్లు అని గీత గీసే సరితూకం ఈ గల్లీలో నిలవదు. ఇక్కడ లెక్క రోజుకు కాదు, ఏడాదికి.

"అక్కా, ఎల్లుండే పెండ్లి, జెర జల్ది జేసియ్యరాదు" అన్న పూర్వపక్షం సంవత్సరం పొడుగునా వినిపిస్తుంది. పెళ్ళి ఎల్లుండే కుదిరిందా అని అడగడం మర్యాద కాదు.

పాఠాంతరం: ఈ వాక్యం కింద చాక్‌పీసుతో "డబుల్ చార్జి అయితే చూస్తాం" అన్న పాఠం కనబడుతోంది. ఇది ప్రక్షిప్తమని కొందరు. కాదు, కర్త్రి చేతిరాతే. నెలాఖరున, స్కూలు ఫీజు వేళ రాసి ఉంటుంది. దోషం లేదంటారా? రెట్టింపు డబ్బు కర్త్రికి ముడుతుంది. వెనక్కి జరిగే తేదీ మాత్రం నెల ముందే ఆర్డరిచ్చి నోరెత్తకుండా కూర్చున్నామెది. ఎవరు బతిమాలలేదో వారి నుంచి తీసుకుని, బతిమాలినవారికి ఇవ్వడం ధర్మం కాదు. చాక్‌పీసు పాఠాన్ని తుడిచి చదువుకోవాలి. లేదా, నెలకు ఇన్ని అని కొన్ని తేదీలు ముందే ఖాళీగా ఉంచుకుని, వాటికే ఆ చార్జి వేయాలి.

తాత్పర్యం: ఒకరికి అవునన్న ప్రతిసారీ ఇంకెవరికో కాదన్నట్టే. ఆ ఇంకెవరో చాలాసార్లు సొంత పిల్లవాడే.

చతుర్థ వాక్యం

ప్రతిపదార్థం: చుట్టాలకూ = ఆడబిడ్డకూ, పిన్నికూతురికీ, పక్కింటి వదినకూ; రేటు = వెల; ఒక్కటే = తగ్గదు. సముచ్చయార్థకమైన "ఊ" చేత స్నేహితురాళ్ళు కూడా గ్రహింపబడుదురు.

టీక: ఈ గ్రంథానికి ఇదే హృదయం. "మనోళ్ళకు గూడ గింతేనా వదినా? ఇష్టంతోని జేస్తున్నవ్ గద, నీకు టైంపాసే గద" అన్నది ప్రత్యర్థి వాదం. ఇష్టంగా చేసే పనికి కూలి ఉండకూడదని లోకంలో ఒక గట్టి నమ్మకం. విసుక్కుంటూ పనిచేసే బ్యాంకు గుమస్తాను ఎవరూ ఇలా అడగరు.

లెక్క చూద్దాం. జాకెట్టు వెల 4,000 అనుకుందాం. పూసలూ జరీ 800. కారీగర్‌కు రెండు రోజుల కూలి 1,800. మిగిలింది 1,400. పిన్నికూతురి ముఖం చూసి సగానికి ఇస్తే, చేతినుంచి 600 పెట్టి చుట్టరికం నిలుపుకున్నట్టు. పోనీ ఆ 1,400 అయినా లాభమా? డిజైను గీసిన సాయంత్రం, బజారుకు తిరిగిన పూట, రంగు నప్పలేదంటే విప్పి మళ్ళీ కుట్టిన రాత్రి అన్నీ అందులోనే. ఇవన్నీ కింది చెయ్యి. గుడ్డ మీద పువ్వు పూసేది రెండు చేతుల వల్ల. వెల కట్టేటప్పుడు పై చేతికే కడతారు.

చారిత్రక విశేషం: పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యం తిరిగిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్, గనుల దగ్గర వజ్రాల బేరం ఎలా సాగేదో రాశాడు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుని, నడికట్టు గుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళ నొక్కులతో ధర తేల్చుకునేవారు. చుట్టూ జనం ఉన్నా ఎవరికీ తెలియదు. నేటి "ధర ఇన్‌బాక్స్‌లో" అనే సంప్రదాయం దీని సంతానమే. గుడ్డ కింద ధర చెప్పినంతకాలం మనిషికో ధర, మనిషికో మొహమాటం. నాలుగో వాక్యం గుడ్డను లాగి పారేసింది. రేటు ఇంతని అందరికీ తెలిసాక, తగ్గించమని అడగడానికి చుట్టాలకే సిగ్గేస్తుంది. వ్యాపారికి పడాల్సిన మొహమాటం బోర్డు వల్ల గేటు అవతలికి పోయింది.

మరో నిదర్శనం కార్వాన్‌లోనే ఉంది. మక్కా మసీదు నిర్మాణాన్ని పర్యవేక్షించిన మూసాఖాన్‌కు, ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్మిడీ చొప్పున వాటా దక్కిందనీ, ఆ దమ్మిడీలు కూడబెట్టి తోలీ మసీదు కట్టించాడనీ చెప్పుకుంటారు. దానికి దమ్రీ మసీదు అనే పేరు అలా వచ్చిందంటారు. కథ సంగతి ఎలా ఉన్నా తేదీలు చూడండి. తోలీ మసీదు 1671 నాటిది. మక్కా మసీదు ఔరంగజేబు కాలంలో, 1694లో గాని పూర్తి కాలేదు. రూపాయల పని ఇంకా సాగుతుండగానే దమ్మిడీల పని ముగిసింది.

తాత్పర్యం: ప్రతి రూపాయిలోంచీ సొంత దమ్మిడీని ముందే పక్కన పెట్టాలి. చివరికి మిగిలితే తీసుకుందామనుకున్నవారికి చివర మిగలదు.

పంచమ వాక్యం

ప్రతిపదార్థం: మధ్యాహ్నం 1 నుంచి 3 దాకా = అన్నం తిని నడుం వాల్చే వేళ; ఆదివారం పూర్తిగా = పొద్దున కూడా, "రెండే నిమిషాలు" కూడా; బెల్లు కొట్టరాదు = దయచేసి.

శంక: బెల్లు కొట్టరాదన్నారు. ఫోను చేయరాదనలేదు కదా?

సమాధానం: బెల్లు ఇక్కడ ఉపలక్షణం. కాకుల నుంచి పెరుగు కాపాడమంటే పిల్లిని రానివ్వమని కాదని శాస్త్రకారులు ఏనాడో చెప్పారు. ఫోను, వాట్సాప్, కిటికీ తట్టడం, పక్కింటి పిల్లను పంపడం అన్నీ బెల్లులో అంతర్భాగాలే.

టీక: కారీగర్‌కు శుక్రవారం జుమ్మా నమాజు, కర్త్రికి ఆదివారం సెలవు. కాబట్టి ఈ ఇంట్లో వారానికి పని నడిచేది ఐదు రోజులు పైచిలుకు. ఆర్డరు తేదీ చెప్పేటప్పుడు ఏడు రోజులు లెక్కపెట్టినవారు ఎనిమిదో రోజున అబద్ధమాడవలసి వస్తుంది. "దారం రాలేదు", "కరెంటు పోయింది", "కారీగర్ ఊరికి పోయిండు" అన్న మూడు మహావాక్యాలు ఈ వృత్తిలో పుట్టింది అందుకే. సెలవును ముందే లెక్కలో వేసుకున్నవారికి అబద్ధాల అవసరం పడదు.

పూర్వపక్షం: కళకు వేళాపాళా ఏమిటి? ఆలోచన వచ్చినప్పుడే కదా కుట్టాలి?

సిద్ధాంతం: ఆలోచన ఎప్పుడైనా రావచ్చు, దానికి బెల్లు అక్కర్లేదు. అయితే మధ్యాహ్నం నడుం వాల్చనివారికి రాత్రి వచ్చే ఆలోచన ఒక్కటే: ఈ పని ఎందుకు మొదలుపెట్టానా అని.

సమన్వయం

ఐదు వాక్యాల్లో మొదటిది తప్ప నాలుగూ నిషేధాలే. ఇల్లూ పనీ చెరిసగం చేసుకోవడం కాదు, దేన్ని కాదనాలో ముందుగా తేల్చుకోవడమే సరితూకమని గ్రంథసారాంశం. అందరికీ అది తెలుసు. నోరు తిరగదు, అంతే. ఎదురుగా వదిన నిలబడి, చాయ్ తాగుతూ, "మనోళ్ళే గద" అంటుంటే కాదనే శక్తి ఏ నోటికీ లేదు. రేకుకు ముఖం లేదు కాబట్టి మొహమాటమూ లేదు. నోటికి చేతకాని పనిని రేకుకు అప్పగించడమే ఈ గ్రంథకర్త్రి ప్రతిభ.

లోపం ఒకటుంది. బోర్డు వీధివైపుకు తిరిగి ఉంది. వీధిలో పోయేవారు దాన్ని చదివి, బెల్లు కొట్టి, ఆదివారమైనా తలుపు తీస్తారని అనుభవం మీద తెలుసుకున్నారు. తలుపు తీసే చెయ్యి గేటు లోపలిది. అందువల్ల ఇదే బోర్డును రెండో ప్రతి రాయించి లోపలివైపు, బయటి బోర్డుకన్నా పెద్ద అక్షరాల్లో తగిలించాలని వ్యాఖ్యాత సవినయంగా సూచిస్తున్నాడు.

ఫలశ్రుతి

బయటి ప్రతిని చదివినవారికి జాకెట్టు చెప్పిన తేదీకి అందును. లోపలి ప్రతిని రోజూ చదివినవారికి లెక్క తేలును, వెన్నునొప్పి తగ్గును, పిల్లల ముఖం వెలుతురులో కనబడును. చుట్టాలు ఒక నెల మాట్లాడరు. తరువాత పూర్తి రేటుకే వచ్చెదరు.