అందరం ఒక్క ముక్కే పెట్టాం

చాందనీ పడ్వా నాడు మా కుక్క చిట్టి తిన్న ఘారీలు దొంగతనంగా తిన్నవి కావు. బల్ల మీది డబ్బా లాగలేదు, వంటింట్లో దూరలేదు. మేమే, ఇంట్లో నలుగురం, చేతులారా పెట్టాం. డాక్టరు అడిగినప్పుడు ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అప్పుడు దాచినదాన్ని ఇప్పుడు పూర్తిగా చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను.

మేముండేది సూరత్ పక్కన హజీరాలో. తాపీ నది సముద్రంలో కలిసే చోట స్టీలు, ఎరువులు, గ్యాసు, ఓడరేవు అన్నీ పక్కపక్కనే ఉన్న నేల ఇది. సూరత్‌లో తెలుగువాళ్లంటే ముందు లింబాయత్, ఉధనా వైపు సాంచెలు (మరమగ్గాలు) నడుపుకునే పద్మశాలీ కుటుంబాలు గుర్తొస్తాయి. మా అమ్మ తరఫు చుట్టాలు కూడా అక్కడే ఉన్నారు. నేను ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇటు కంపెనీ క్వార్టర్‌లో ఉండిపోయాను.

శరత్ పూర్ణిమ మర్నాడు, చాందనీ పడ్వాకు, సూరత్ ఊరంతా ఘారీ తింటుంది. కోవా, చక్కెర, బాదం, పిస్తా కలిపి ముద్ద చేసి, పల్చటి పిండి పొరలో చుట్టి, నేతిలో వేయించి, పైన మళ్లీ నెయ్యి పట్టించి పేరుకోనిస్తారు. ఆ రోజు ఇరుగుపొరుగు గుజరాతీ ఇళ్ల నుంచి మాకు డబ్బాలు వచ్చాయి. పొద్దున డ్యూటీ నుంచి రాగానే నేనో ముక్క చిట్టికి పెట్టాను. బడి నుంచి వచ్చి మా పాప పెట్టింది. నా భార్య పెట్టింది. సాయంత్రం అమ్మ, "పండగ పూట నోరులేని జీవి మొకం వాచిపోయి చూస్తుంది బిడ్డా" అంటూ సగం ఘారీ దాని ముందు పెట్టింది. నేను నవ్వుతూ చూసి, ఆ మిగిలిన సగం కూడా వేశాను.

ఇది ఒక్కరోజు పని అయితే పొరపాటు అనేవాణ్ని. నాది అలవాటు. నైట్ షిఫ్టు చేసి ఇంటికొస్తే చిట్టి బంతి నోట కరుచుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. ఆడే ఓపిక నాకుండదు. ఒక బిస్కెట్టు ఇస్తే బంతి వదిలేస్తుంది, నేను వెళ్లి పడుకుంటాను. అది తోక ఊపిన ప్రతిసారీ దాన్ని సంతోషపెట్టానని నమ్మాను. నిజానికి నేను దానికి ఇవ్వాల్సిన పొద్దును బిస్కెట్లతో కొనేశాను. అది బొద్దుగా తయారవుతుంటే ముద్దుగా ఉందని ఫొటోలు తీశాను.

రాత్రి తొమ్మిది దాటాక చిట్టి కుదురుగా పడుకోలేకపోయింది. లేచి తిరిగింది, కక్కింది, మళ్లీ కక్కింది. ముందుకాళ్లు నేలకు ఆనించి, వెనక భాగం పైకెత్తి వంగి నిలబడింది. ఒళ్లు విరుచుకుంటోందనుకున్నాను. కడుపులో భరించలేని నొప్పి ఉన్న కుక్క అలా నిలబడుతుందని నాకు తెలియదు. అరుగుతుందని బయట పరుగెత్తించాను. అమ్మ ఉప్పు నీళ్లు కలిపిస్తే, కక్కితే తేలికపడుతుందని నోరు తెరిచి పోశాను. అప్పటికే కక్కుతున్న కుక్కకు మళ్లీ వాంతి చేయించబోయాను. ఉప్పు ఎక్కువైతే కుక్క రక్తంలో సోడియం పెరిగి వణుకు, ఫిట్స్, చివరికి ప్రాణాపాయం కూడా వస్తాయి. చాలా భాగం కింద ఒలికిపోయింది. అది నా జాగ్రత్త కాదు, చిట్టి పెనుగులాట.

తెల్లవారితే తగ్గుతుందని ఊరుకున్నాను. తగ్గలేదు. మోరా, ఇచ్ఛాపోర్ మీదుగా, స్టీలు కాయిళ్ల ట్రెయిలర్ల మధ్య నుంచి, అడాజణ్ వైపు ఒక పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మూడే అడిగారు: ఏం తింది, ఎంత తింది, ఎప్పుడు తింది? "ఒక చిన్న ముక్క సార్" అన్నాను. పాప నా వైపు చూసి, "నేను కూడా ఒక ముక్క పెట్టాను" అంది. అమ్మ, నా భార్య కూడా ఒప్పుకున్నారు. ఎవరి లెక్కలో వాళ్లది చిన్న ముక్కే. కలిపితే చిట్టి మూడు ఘారీలకు పైగా తిన్నది. ఉప్పు నీళ్ల సంగతి నేను అప్పుడు కూడా చెప్పలేదు. సెలైన్ ఎక్కించబోతుంటే భయమేసి చెప్పాను. చికిత్స మార్చేంత ముఖ్యమైన విషయాన్ని నా పరువు కోసం అంతసేపు నొక్కిపెట్టాను.

రక్తపరీక్షలో క్లోమం వాచిందని, అంటే పాంక్రియాటైటిస్ అని తేలింది. ఆహారాన్ని అరిగించాల్సిన ఎంజైములు పేగులోకి చేరకముందే క్లోమంలోనే పనిచేయడం మొదలుపెట్టి ఆ అవయవాన్నే దెబ్బతీస్తాయి. నెయ్యి, కోవా, మాంసపు కొవ్వు ఒక్కసారిగా ఎక్కువ పడినప్పుడు కుక్కల్లో ఇది రావచ్చు. సెలైను, వాంతులకు ఇంజెక్షను, నొప్పికి మందు ఇచ్చారు. చిట్టి బతికింది. ఇక దాని జీవితమంతా కొవ్వు తక్కువ తిండే.

తిండి ఎక్కువైన కుక్కకు ఏం చేయాలో నేను దెబ్బ తిన్నాక నేర్చుకున్నాను. మీరు ముందే తెలుసుకోండి. తిన్నది మామూలు బిస్కెట్లే అయి, పెద్ద కుక్క హుషారుగా ఉంటే, ఆ పూట తిండి ఆపేయండి. నీళ్లు కొంచెం కొంచెంగా, మాటిమాటికీ ఇవ్వండి. మెల్లగా బయట తిప్పండి, పరుగెత్తించకండి. ఒక రోజంతా కనిపెట్టుకుని ఉండండి. తర్వాత ఉప్పు, కారం, నూనె లేకుండా మెత్తగా ఉడికించిన అన్నం, తోలు తీసిన కోడిమాంసం కొద్దికొద్దిగా పెట్టండి. కూనలకు, చిన్న జాతి కుక్కలకు, షుగర్ ఉన్నవాటికి ఇలా తిండి ఆపి చూడటం పనికిరాదు, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి.

పొట్ట ఉబ్బి, కక్కబోయినా ఏమీ రాక, చొంగ కారుస్తూ కుదురు లేకుండా తిరుగుతుంటే ఒక్క నిమిషం ఆగకండి. జీర్ణకోశం గాలితో ఉబ్బి మెలిపడి ఉండొచ్చు. రక్తప్రసరణ ఆగిపోయి గంటల్లో ప్రాణం పోతుంది, ఆపరేషన్ తప్ప దారి లేదు. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో ఇది ఎక్కువ. పదేపదే వాంతులు, వాంతిలో రక్తం, పాలిపోయిన చిగుళ్లు, లేవలేకపోవడం కూడా ఆగకూడని గుర్తులే.

చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ ఉన్న షుగర్‌లెస్ చూయింగ్ గమ్ తిన్నట్టు తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. మన పాయసంలో, రవ్వలడ్డులో వేసే కిస్‌మిస్ కూడా కుక్క మూత్రపిండాలను దెబ్బతీయగలదు. ఇంత తింటే ఫర్వాలేదు అని చెప్పగలిగిన కొలత లేదు. వాంతి చేయించాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాలి. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కకు విషమే.

"అది అడిగింది, అందుకే పెట్టాను" అని చాలాకాలం సమర్థించుకున్నాను. చిట్టి లాబ్రడార్. కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు నాలుగింట ఒక లాబ్రడార్‌లో పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉందని, అలాంటి కుక్కలకు తిండి యావ, బరువు ఎక్కువని తేలింది. వాటి మెదడులో ఆకలిని అదుపు చేసే సంకేతాలు సరిగ్గా పనిచేయవు. చిట్టికి ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయించలేదు. కానీ అది చూసే చూపు ఆకలికి రుజువు కాదని నాకు అర్థమైంది. చాలు అనాల్సిన మాట దానిది కాదు, నాది.

2002లో వెలువడిన మరో పరిశోధన నన్ను ఇంకా కుదిపింది. 48 లాబ్రడార్లను కూనలప్పటి నుంచి జీవితాంతం గమనించారు. ఒక గుంపుకు రెండో గుంపు కన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల జబ్బు కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. అంటే నేను మురిపెంగా పెట్టిన ప్రతి బిస్కెట్టూ చిట్టి మాతో గడపాల్సిన కాలంలోంచే తీసింది.

చిరుతిండి రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదని పశువైద్యులు చెప్తారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన 30 కిలోల కుక్కకు రోజుకు దాదాపు 1,400 కేలరీలు చాలు. పదో వంతు 140. గ్లూకోజు బిస్కెట్లు 30 గ్రాములు, లేదా నెయ్యి ఒక పెద్ద చెంచా, అంతటితో కోటా అయిపోతుంది. నేను పొద్దున తలుపు దగ్గరే అది దాటించేవాణ్ని.

ఇప్పుడు మా ఇంట్లో ఒకే డబ్బా ఉంది. పొద్దున దాని రోజు తిండిలోంచే కొన్ని గింజలు తీసి, నాలుగు క్యారెట్ ముక్కలు కలిపి అందులో వేస్తాం. ఎవరు పెట్టినా అందులోంచే. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. అమ్మకు ఇది మొదట్లో కష్టమైంది. ఇంటికొచ్చిన మనిషికైనా పశువుకైనా కడుపునిండా పెట్టడమే ఆమెకు తెలిసిన ప్రేమ. ఆమెను తప్పుపట్టలేను. నేను చదువుకున్నవాణ్ని, ప్యాకెట్టు వెనక రాసింది చదవగలిగినవాణ్ని, చదవలేదు. ఇప్పుడు అమ్మ సాయంత్రాలు దాని మెడ దువ్వుతూ కూర్చుంటుంది. నేను నిద్ర కొంచెం ఆపుకుని బంతి విసురుతాను.

పండగ మిఠాయిలు మిగిలితే గేటు బయటి కుక్కలకు వేసే అలవాటు కూడా మాకుండేది. వాటికి కక్కులైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు లేరు. మానేశాం. దారిలో జబ్బుపడ్డ వీధి కుక్క కనిపిస్తే గుజరాత్‌లో 1962కు ఫోన్ చేస్తే కరుణ అంబులెన్సు సాయం దొరుకుతుంది. మిఠాయి వేయడం కన్నా ఆ నంబరు గుర్తుంచుకోవడం మేలు.

మీ ఇంట్లో కుక్క ఉంటే, పండగ నాడు దానికి పెట్టే లెక్క ఒక్కరే చూడండి. ఎక్కువ తిన్నదని తెలిస్తే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ఎవరెంత పెట్టారో నిజం అడగండి, కోప్పడకుండా అడగండి. ప్యాకెట్టు కవరు కూడా తీసుకెళ్లండి. ఇంట్లో చేసిన వైద్యం ఏదైనా ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. చిట్టి తన బాధ చెప్పలేదు. చెప్పగలిగిన నేను సిగ్గుపడి దాచాను. దానికి నేను చేసిన అన్యాయాల్లో అదే పెద్దది.