తిప్పిన గేర్‌బాక్స్‌ను చెమట పట్టకుండా అమ్మడం ఎలా?

మీ షెడ్డులో పోర్షే 911 నుంచి ఊడదీసిన 915 గేర్‌బాక్స్ పడి ఉందా? మిడ్-ఇంజన్ కారు కట్టుకునేవాళ్లకే అమ్మండి. 911లో ఇంజన్ వెనక చక్రాలకన్నా వెనక, గేర్‌బాక్స్ దానికి ముందు. మిడ్-ఇంజన్ కారులో ఈ వరస తారుమారు, కాబట్టి గేర్‌బాక్స్‌ను అటుది ఇటు తిప్పి బిగించాలి. దాంతోపాటు లోపలి క్రౌన్ వీల్‌ను పినియన్‌కు అవతలి పక్కకు మార్చాలి. మార్చకపోతే ముందుకు ఒక్క గేరు, వెనక్కి ఐదు. మార్చాలంటే షిమ్‌లు, డయల్ గేజ్, బోలెడంత ఓపిక కావాలి. అవేవీ కొనకండి.

1. కేసు కడిగి వెండిరంగు కొట్టండి. బయటికి కనిపించే చోట ఒక్క ఆయిల్ సీలు కొత్తది వేయండి. దీన్నే రీబిల్ట్ అంటారు.

2. క్రౌన్ వీల్ మార్చకండి, మార్చామని చెప్పండి. 1969లో వచ్చిన 914లో పోర్షే కంపెనీయే ఇలా చేసిందని, మీది ఫ్యాక్టరీ పద్ధతని చెప్పండి. ఇక్కడ మనిషిని ఎంచుకోవడమే అసలు విద్య. సొంతంగా కారు కట్టేవాళ్ల చాసిస్ ఏళ్ల తరబడి స్టాండ్ల మీదే ఉంటుంది. "పని ఎంతవరకు వచ్చింది?" అని ఆప్యాయంగా అడగండి. వచ్చే నెల రోడ్డెక్కిస్తానన్నవాడికి గేర్‌బాక్స్ అమ్ముడుపోయిందని చెప్పండి. ఇంకా ఇంజనే దొరకలేదన్నవాడికి కుర్చీ వేసి కాఫీ ఇవ్వండి. అతను మొదటి గేరు వేసేనాటికి మీ ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది.

తెలిసినవాడైతే ఇన్‌పుట్ షాఫ్ట్ తిప్పి, ఫ్లాంజిలు ఎటు తిరుగుతున్నాయో చూస్తానంటాడు. ముందే న్యూట్రల్‌లో పెట్టి ఉంచండి. ఫ్లాంజిలు కదలవు. "కొత్త బేరింగులు, ఇంకా బిగువుగా ఉన్నాయి" అనండి.

3. రెండో గేరు సింక్రో అరిగి గరగరమంటుంటే చిక్కటి ఆయిల్ పోయండి. మోత మరీ ఎక్కువైతే పాత కార్ల వ్యాపారుల రంపపు పొట్టు ఉండనే ఉంది. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి అంటిన ఇనుప రజను తుడిచేయడం మరవకండి. ఈ మొత్తం వ్యవహారంలో మీరు శ్రద్ధగా చేయాల్సిన పని ఇదొక్కటే.

4. అమెరికన్ వీ8 ఇంజన్ పెడతానన్నా తల ఊపండి. అంత బలానికి 930 టర్బోలోని నాలుగు గేర్ల పెట్టె కావాలి కదా అంటే, మనదానికి ఒక గేరు ఎక్కువే ఉందని గుర్తుచేయండి.

5. గేర్ లింకేజీ విడిగా చేయించుకోవాలన్న సంగతి డబ్బు చేతిలో పడ్డాకే చెప్పండి.

6. కారు వెనక్కి పోతోందని ఎలాగో మీ ఇల్లు వెతుక్కుంటూ వస్తే, తప్పు ఇంజన్ మీద వేయండి. షెవ్రొలే కార్వైర్ ఇంజన్ నిజంగానే ఎదురు దిశలో తిరుగుతుంది. "మీదీ ఆ బాపతేనేమో, పుల్లీ చూసుకోండి" అని పంపండి. వారం గడుస్తుంది.

7. కాలిఫోర్నియాలో అయితే అతను స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్తాడు. సంతోషంగా వెళ్లండి. అక్కడ లాయర్లు వాదించరు, మీకు ఆ ఖర్చు మిగిలినట్టే. డబ్బు వాపసు ఇవ్వమని జడ్జి చెబుతాడు. ఇచ్చేయండి. గేర్‌బాక్స్ రెండు అట్టపెట్టెల్లో ముక్కలుగా తిరిగొస్తుంది. కొత్త ప్రకటనలో "కోర్టు పరిశీలించినది, లోపలి భాగాలు కళ్లారా చూసుకోవచ్చు" అని రాసి, ధర పెంచండి.