షార్ట్‌కట్టన్న

హొళగుంద బజారులో జిరాక్సు అంగళ్లకు కొదవ లేదు. వాటిలో ఒక్కదాంట్లో మాత్రం మౌసు కనబడదు. ఉంది గానీ సొరుగులో ఉంది. పదిమంది ముందు మౌసు పట్టుకోవడమంటే ఆ అంగడాయనకు నామోషీ. ఊరంతా ఆయన్ని షార్ట్‌కట్టన్న అంటుంది. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంది, దాంతో ఇంకెవరికీ పని పడలేదు. ఇట్లాంటి మనిషి ఆదోనిలోనూ ఉంటాడు, ఎమ్మిగనూరులోనూ ఉంటాడు. మాకు మావాడే గొప్ప.

చుట్టుపక్కల అంగళ్లన్నీ విండోస్ మీద నడుస్తుంటే ఈయనది లినక్స్, అందులో ఉబుంటు రకం. ఎందుకన్నా అంటే, "దీంట్లో మిషను మన మాట వింటాదప్పా" అంటాడు. అది నిజమే. ఉబుంటు సెట్టింగ్స్‌లో కీబోర్డు దగ్గరికి పోతే కస్టమ్ షార్ట్‌కట్ అని ఒకటుంది. అందులో పేరుకొక గడి, కమాండుకొక గడి, మీటలకొక గడి. కమాండు గడిలో ఏ ఆజ్ఞ రాసిపెడితే ఆ ఆజ్ఞ, మనం చెప్పిన మీటలు నొక్కగానే అమలవుతుంది. మామూలు మనిషి ఇట్లాంటివి రెండో మూడో పెట్టుకుని తన పని చూసుకుంటాడు. షార్ట్‌కట్టన్నకు ఆ గడులు ఇరుకైపోయాయి. ఎస్‌ఎక్స్‌హెచ్‌కేడీ అనే ప్రోగ్రామ్‌కు మారిపోయాడు. దానికి మామూలు ఫైల్లో వరసగా రాసుకుంటూ పోతే చాలు, ఎన్ని షార్ట్‌కట్లయినా మోస్తుంది. ఆ పేరు పలకడానికే ఒక షార్ట్‌కట్ కావాలి, అది వేరే మాట.

ఒక పెద్దాయన వస్తాడు. "ఏమప్పా, ఆధారు రెండు జిరాక్సులు తియ్యి. బ్యాంకోళ్లకు స్కాన్ గూడా కావాలంట."

"కూర్చో మామా, ఒక్క దెబ్బే."

సూపర్, ఎస్. రెండూ కలిపి టప్పుమని నొక్కుతాడు. సూపర్ అంటే ఇంకేమీ కాదు, విండోస్ బొమ్మ ఉండే మీటే. ఆ బొమ్మను బ్లేడుతో గీకేసి గంధం బొట్టు పెట్టాడు. నొక్కగానే స్కానిమేజ్ కమాండు లేచి స్కానరును 300 డీపీఐలో నడుపుతుంది, ఇమేజ్‌మ్యాజిక్ వంకరగా పెట్టిన కార్డును సరిచేసి అంచులు కత్తిరిస్తుంది, ఎల్‌పీ కమాండు రెండు కాపీలు ప్రింటరుకు పంపుతుంది. ఉన్నమాట చెప్పుకోవాలి, చూడముచ్చటగా ఉంటుంది. పక్కంగట్లో మౌసు పట్టుకున్న పిల్లోడు అప్పటికింకా ఫైలు యాడ దాచినాడో వెతుక్కుంటుంటాడు.

మామకు అదేమీ ముచ్చటగా ఉండదు. "అప్పుడే అయిపాయనా? బటన్ నొక్కినందుకే ఇరవై రూపాయలా?" అని బేరానికి దిగుతాడు. అరగంట కూర్చోబెట్టినోనికి జనం మారుమాట లేకుండా డబ్బిస్తారు, కష్టపడినాడు పాపమని. ఆ రెండు మీటల వెనక స్క్రిప్టు రాయడానికి ఈయన ఎన్ని రాత్రులు నిద్ర కాచాడో మామకెట్ల తెలుస్తాది? ఆఖరికి ఒక ఉపాయం తట్టింది. స్క్రిప్టు నడుమ స్లీప్ అనే కమాండు పెట్టాడు. అది చేసే పనల్లా చెప్పినంతసేపు ఊరికే ఆగడం. అది ఆగినంతసేపూ ఈయన నుదురు చిట్లించి స్క్రీనుకేసి చూస్తూ, మధ్యమధ్యలో "అబ్బ" అంటాడు. ఇప్పుడు ఇరవై రూపాయలు బేరం లేకుండా వస్తున్నాయి.

భూమి కాగితాలకూ మీటలున్నాయి. ఎఫ్ఫైవు నొక్కితే మీభూమి పేజీలో 1బి, ఎఫ్సిక్సు నొక్కితే అడంగలు తెరుచుకుంటాయి. అక్కడ క్యాప్చా మాత్రం చేత్తోనే కొట్టాలి. ఆ అక్షరాలు కొట్టేటప్పుడు ఆయన ముఖం చూడలేం.

ఒకసారి సిరుగుప్పలో పెళ్లికి పోతూ అంగడి మేనల్లునికి అప్పగించాడు. గంటకల్లా ఫోను.

"మామా, ఫారంలో పేరు పెద్దక్షరాల్లో కొట్టమంటాండారు. క్యాప్స్ లాక్ నొక్కితే ప్రింటరు కాగితం కక్కుతాంది!"

"అది క్యాప్స్ లాక్ కాదురా, పోయిన నెల మార్చినా."

"మరి పెద్దక్షరాలు ఎట్ల?"

"షిఫ్టు పట్టుకోని ఒక్కొక్కటే కొట్టు."

ఉబుంటు కొత్త వెర్షను వేసుకున్నప్పుడు మాత్రం పెద్ద గండమే వచ్చింది. స్క్రీనునూ మీటలనూ నడిపే పాత ఎక్స్ పద్ధతిలో ఏ ప్రోగ్రామైనా మీటల చప్పుడు చాటునుంచి వినొచ్చు. దాని బదులు కొత్తగా వచ్చిన వేలాండ్ భద్రత కోసమని దాన్ని కుదరనివ్వదు. షార్ట్‌కట్లన్నీ ఒక్క పొద్దున మూగబోయాయి. సొరుగు తెరవక తప్పలేదు. అన్న అన్నం సరిగా తినలేదు. ఆ వెర్షనులో లాగిన్ దగ్గర పళ్లచక్రం గుర్తు నొక్కి మళ్లీ ఎక్స్‌కు మారొచ్చని తెలిసినాకే ఇంట్లోవాళ్లతో మాట్లాడాడు.

ఈయనకు ఆరాధ్యుడు ఐబీఎం ఇంజినీరు డేవిడ్ బ్రాడ్లీ. 1981లో వచ్చిన ఐబీఎం పీసీకి కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కే ఏర్పాటు చేసినాయన. పొరపాటున చెయ్యి తగిలి మిషను రీస్టార్ట్ కాకూడదని, ఒక్క చేత్తో అందని మీటలు ఎంచుకున్నాడు. కథ మొత్తం చెప్తాడు గానీ, ఆ జాగ్రత్త మాత్రం షార్ట్‌కట్టన్నకు ఎక్కలేదు. ఈయనవి చాలామటుకు సూపర్‌తో పాటు ఇంకొక్క అక్షరం.

దాని ఫలం దసరాకు దక్కింది. ఆయుధపూజ చేసి, కీబోర్డుకు పసుపు కుంకుమ పెట్టి, దాని ముందే టెంకాయ కొట్టాడు. నీళ్లు చింది సూపర్ మీట కిందికి పోయాయి. మీట దిగబడి మళ్లీ పైకి రాలేదు. బయట దేవరగట్టు బన్ని ఉత్సవానికి పోయేవాళ్ల ఆటోలు హారన్లు కొడుతున్నాయి. లోపల ఒకాయన పేరు టైపు చేయమని నిలబడ్డాడు. అన్న పీ కొడితే ప్రింటరు లేచింది. ఎస్ కొడితే స్కానరు గురగురమంది. ఎం కొడితే ఆ దేవరగట్టు మాల మల్లేశ్వరస్వామి పాట ఫుల్ సౌండుతో మొదలైంది. పాట ఆపబోయి ఏది తాకాడో, రేషన్ కార్డులు వరసబెట్టి బయటికొచ్చాయి. బయటి జనం లోపల పూజ ఇంకా నడుస్తోందనుకుని చెప్పులు విడిచి వచ్చారు. ఆఖరికి కీబోర్డు వైరు పీకేశాడు.

మర్నాడు పోయి చూస్తే కొత్త స్క్రిప్టు రాస్తున్నాడు. షార్ట్‌కట్లన్నిటినీ ఒక్కసారే పడుకోబెట్టేదంట.

"దీన్ని ఏ మీటలకు పెట్టినావన్నా?"

"సూపర్, ఎస్కేప్."

"సూపరే ఇరుక్కుంటే సూపర్ ఎట్ల నొక్కుతావన్నా?"

తల తిప్పి జాలిగా చూశాడు. "అది నొక్కుకోనే ఉంటాది గదప్పా. ఒక వేలు మిగిలె."